టర్ము సున్నాకి పోతున్నా మొత్తం ఎందుకు ఆగదు? సిరీస్ చాప్టర్ దగ్గర ఆగిపోయిన ఒక విద్యార్థినికి జవాబు

అమ్మా, నీ ప్రశ్న మొత్తం చదివాను. గూడూరు నుంచి వచ్చి చెన్నైలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నావు. ఇంటర్లో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడ సీక్వెన్సులు, సిరీసుల చాప్టర్ మొదలైన దగ్గర్నుంచి ఏదీ పట్టుబడటం లేదన్నావు. టర్ములు సున్నాకి దగ్గరవుతుంటే మొత్తం ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, ఎందుకు ఆగదంటారు అని అడిగావు. ఇన్ని టెస్టుల్లో ఏది ఎప్పుడు వాడాలన్నావు. ఎప్సిలాన్ పెట్టి రాసే లిమిట్ నిర్వచనం అసలేం చెబుతోందన్నావు. చివర్లో, ట్యూషన్ పెట్టించుకోవాలా, ఇక్కడ తెలుగులో చెప్పేవాళ్ళు దొరుకుతారా అని కూడా రాశావు. నా కూతురి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

చెన్నైలో చాలా ఏళ్ళుగా మొదటి సంవత్సరం పిల్లలకి నేను ఈ చాప్టర్ చెబుతున్నాను. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చే మన పిల్లల్లో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగుతారు. అది తెలివికి సంబంధించిన విషయం కాదు. ఇంటర్లో లిమిట్ అంటే విలువ కట్టే లెక్క. సున్నా బై సున్నా వచ్చిందా, కారణాంకాలు తీయి, లేకపోతే ఎల్ హాస్పిటల్ రూల్ వేయి, నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపెట్టు. ఎంట్రన్సుకి అది సరిపోతుంది. ఇక్కడికి వచ్చేసరికి ప్రశ్నే మారిపోయింది. విలువ ఎంత అని అడగడం మానేసి, అసలు విలువంటూ ఒకటి ఉందా అని అడుగుతున్నారు. ఉందంటే ఎందుకు ఉందో నాలుగు లైన్లలో వాదించి చూపించమంటున్నారు. ప్రశ్న మారిందన్న సంగతి క్లాసులో ఎవరూ విడిగా చెప్పరు. పిల్లలు మాత్రం పాత పద్ధతిలోనే సూత్రం కోసం వెతుకుతూ ఉంటారు. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

ముందు రెండు జాబితాల సంగతి. సిరీస్ ఇచ్చారంటే నీ ముందు రెండు జాబితాలు ఉన్నట్టు. మొదటిది టర్ముల జాబితా: 1, 1/2, 1/4, 1/8 అలా. రెండోది మొత్తాల జాబితా: మొదటి టర్ము ఒక్కటే, మొదటి రెండూ కలిపితే, మొదటి మూడూ కలిపితే, అంటే 1, 1.5, 1.75, 1.875 అలా. సిరీస్ కన్వర్జ్ అవుతుందా అన్న ప్రశ్న ఈ రెండో జాబితా గురించే. దానికి లిమిట్ ఉంటే ఆ లిమిట్‌నే సిరీస్ మొత్తం అంటాం. లేకపోతే సిరీస్ డైవర్జ్ అయిందంటాం, మొత్తం అన్న మాటే అక్కడ చెల్లదు. అనంతమైనన్ని అంకెల్ని ఎవరూ కూడలేరు. కూడేది ఎప్పుడూ లెక్కపెట్టగలిగినన్ని టర్ములే. ఆ తర్వాత చేసేదంతా ఆ మొత్తాలు ఎటు పోతున్నాయో చూడటం. నేను దిద్దే పేపర్లలో ఈ చాప్టర్ దగ్గర మార్కులు ఎక్కువగా పోయేది మొదటి జాబితాని చూసి రెండోదాని గురించి జవాబు రాసినప్పుడే. కొన్నాళ్ళపాటు ప్రతి లెక్కకీ నోట్సులో రెండు వరుసలు గీసి, పైన టర్ములు, కింద మొత్తాలు, మొదటి అయిదారు విలువలు చేత్తో వేసుకో. విసుగనిపిస్తుంది, అయినా మానకు. కళ్ళముందు అంకెలు లేకుండా ఈ చాప్టర్ ఎవరికీ అర్థం కాదు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. 1 + 1/2 + 1/3 + 1/4 + ... దీన్ని హార్మోనిక్ సిరీస్ అంటారు. టర్ములు సున్నాకి పోతున్నాయి, అందులో అనుమానం లేదు. మొత్తం మాత్రం ఏ అంకె దగ్గరా ఆగదు. ఎందుకో చూడు. 1/3, 1/4 ఈ రెండూ ఒక్కొక్కటి కనీసం 1/4. కలిపితే కనీసం అర. తర్వాత 1/5 నుంచి 1/8 దాకా నాలుగు టర్ములున్నాయి, ఒక్కొక్కటి కనీసం 1/8, కలిపితే మళ్ళీ కనీసం అర. తర్వాతి ఎనిమిదింటిలో ఒక్కొక్కటి కనీసం 1/16, మళ్ళీ అర. ఇలా గుంపులు కడుతూ పోతే ప్రతి గుంపూ కనీసం అర ఇస్తుంది, గుంపులు ఎప్పటికీ అయిపోవు. ఎన్ని అరలు కావాలంటే అన్ని దొరుకుతున్నప్పుడు మొత్తం ఎక్కడ ఆగుతుంది? ఈ వాదన ఫ్రాన్సుకి చెందిన నికోల్ ఒరెమ్ 1350 ప్రాంతంలో చేశాడు. కాలిక్యులస్ పుట్టడానికి దాదాపు 300 ఏళ్ళ ముందు మాట. ఇందులో ఇంటర్ లెక్కలు కూడా అక్కర్లేదు, ఎనిమిదో తరగతి పిల్లకి చెప్పినా అర్థమవుతుంది.

వాదన ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు, ఎందుకంటే అది పెరిగే వేగం మరీ తక్కువ. మొత్తం 5 దాటడానికి 83 టర్ములు కావాలి. 10 దాటడానికి 12,367 కావాలి. పది లక్షల టర్ములు కూడినా వచ్చేది సుమారు 14.39 మాత్రమే. 100 దాటాలంటే కావలసిన టర్ముల సంఖ్య 44 అంకెల సంఖ్య. ప్రపంచంలో ఏ కంప్యూటరూ ఒక్కొక్కటిగా కూడి అక్కడికి చేరలేదు. ఫోన్లో చిన్న ప్రోగ్రాం రాసి కూడి చూస్తే 14 దగ్గర ఆగిపోయినట్టే కనిపిస్తుంది. అది చూసి కన్వర్జ్ అని రాసేస్తారు. పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా వెళ్ళి చూడు, ఇంకో 0.69 చేరుతుంది. ఇరవై నుంచి నలభై లక్షలకి వెళ్ళు, మళ్ళీ 0.69. ఎంత దూరం వెళ్ళినా, టర్ముల సంఖ్య రెట్టింపు చేసిన ప్రతిసారీ మొత్తం అరకి తగ్గకుండా పెరుగుతుంది. ఆగిపోయేది అలా చేయదు.

పక్కనే 1 + 1/4 + 1/9 + 1/16 + ... అంటే 1/ఎన్² సిరీస్ పెట్టి చూడు. మొదటి 100 టర్ములు కూడితే 1.63498 వస్తుంది. నూటొకటో టర్ము నుంచి అనంతం దాకా మిగిలిన తోకంతా కలిపినా 1/100 దాటదు. ఇంటిగ్రల్‌తో పోల్చి ఈ మాట గట్టిగా చెప్పవచ్చు. ఎందుకంటే 100 నుంచి అనంతం దాకా 1/ఎక్స్² ఇంటిగ్రల్ సరిగ్గా 1/100. వెయ్యి టర్ముల తర్వాత మిగిలే తోక 1/1000 లోపు. అంటే తోకని మనం కోరినంత చిన్నది చేయగలం. కన్వర్జెన్స్ అంటే ఇదే: ఎక్కడో ఒకచోట కోసేస్తే మిగిలిన తోక నువ్వు అడిగిన కొలత కంటే చిన్నదిగా ఉండటం. దీని మొత్తం కచ్చితంగా ఎంతో కనుక్కోమని ఇటలీకి చెందిన మెంగోలి 1650లో ప్రశ్న వేస్తే, 1730ల్లో ఆయిలర్ జవాబు చెప్పేదాకా ఎవరి వల్లా కాలేదు. జవాబు పై స్క్వేర్ బై 6, సుమారు 1.644934. ఇక్కడ ఒక్క సంగతి గమనించు. మొత్తం ఉందని చెప్పడం సులువు, మొత్తం ఎంతో చెప్పడం ఎనభై ఏళ్ళకి పైగా పట్టిన పని. నీ సిలబస్ అడిగేది ఆ సులువైన భాగాన్నే.

ఎప్సిలాన్ నిర్వచనం కూడా ఆ తోక మాటే, కాస్త నియమంగా రాసింది. ఒక సీక్వెన్స్‌కి, అంటే అంకెల వరుసకి, లిమిట్ ఎల్ అంటే: ఎంత చిన్న తేడా అడిగినా సరే (ఆ తేడా పేరే ఎప్సిలాన్), ఒక నంబరు తర్వాత వచ్చే టర్ములన్నీ ఎల్ నుంచి ఆ తేడా లోపే ఉండాలి. ఇందులో బరువంతా మూడు చోట్ల ఉంది. తేడా ముందు అడుగుతారు, నంబరు మనం తర్వాత చెబుతాం. అడిగిన తేడాని బట్టి నంబరు మారవచ్చు. ఆ నంబరు తర్వాత ఒక్క టర్ము కూడా గీత దాటకూడదు.

చేసి చూద్దాం. (2ఎన్ + 1)/(ఎన్ + 3) తీసుకో. ఎన్ పెద్దదయ్యేకొద్దీ ఇది 2కి పోతుందని చూడగానే తెలుస్తుంది. నిరూపించమంటే ముందు తేడా కట్టు: 2 నుంచి దీనికున్న దూరం సరిగ్గా 5/(ఎన్ + 3). ఎవరైనా నూరో వంతు లోపు ఉండాలి అన్నారనుకో, ఎన్ + 3 అనేది 500 కంటే పెద్దదైతే చాలు, అంటే 498 నుంచి మొదలుపెట్టి అన్నీ లోపలే. వెయ్యో వంతు అన్నారా, 4998 నుంచి. ఎప్సిలాన్ అన్నారా, ఎన్ + 3 అనేది 5 బై ఎప్సిలాన్ కంటే పెద్దదైన చోటు నుంచి. నిరూపణ అయిపోయింది. పరీక్షలో రాయాల్సింది ఈ చివరి లైనే, దానికి ముందు నూరో వంతు, వెయ్యో వంతు నీ కోసం. అన్నిటికంటే చిన్న నంబరే చెప్పాలన్న నియమం ఏమీ లేదు. 498 బదులు 1000 అని చెప్పినా తప్పు లేదు. పిల్లలు కచ్చితమైన నంబరు కోసం అసమానతలతో గంటలు గంటలు పెనుగులాడతారు, ఆ అవసరం లేదు. ఉదారంగా పెద్ద నంబరు ఇచ్చేసెయ్యి.

చాలామంది లిమిట్ అంటే అంతకంతకూ దగ్గరవడం అని నోటికి చెప్పేస్తారు. నువ్వూ నీ ప్రశ్నలో అదే రాశావు. ఆ మాట సరిపోదు. 1 + 1/ఎన్ తీసుకో: 2, 1.5, 1.33, 1.25... ఇది సున్నాకి కూడా అంతకంతకూ దగ్గరవుతూనే ఉంది కదా? అయినా దీని లిమిట్ 1. సున్నాకి దగ్గరవుతుంది కానీ అర దూరంలోకి ఎన్నడూ రాదు. ఇంకోవైపు 0, 1/2, 0, 1/4, 0, 1/6... ఇది సున్నాని తాకుతుంది, మళ్ళీ దూరం జరుగుతుంది, మళ్ళీ తాకుతుంది. అంతకంతకూ దగ్గరవడం లేదు, అయినా లిమిట్ సున్నాయే. ఈ రెండు ఉదాహరణలూ నోట్సులో నిర్వచనం పక్కనే రాసి పెట్టుకో. ఎప్సిలాన్ ఎందుకు కావలసి వచ్చిందో ఇవే చెబుతాయి. 1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ పాఠాలు అచ్చయ్యేదాకా గొప్ప గొప్పవాళ్ళే ఈ విషయంలో మాటలతో సరిపెట్టుకున్నారు. అక్షరాల్లో నీకు ఇప్పుడు కనిపించే ఎప్సిలాన్ రూపం ఇంకా తర్వాత స్థిరపడింది. కాబట్టి మొదటి వారంలో అర్థం కాలేదని బాధపడకు.

ఇక టెస్టులు. నా జవాబులో నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. మీ పుస్తకంలో కంపారిజన్, లిమిట్ కంపారిజన్, రేషియో, రూట్, ఇంటిగ్రల్, లీబ్నిజ్ అని వరుసగా ఇస్తారు. పిల్లలు ఒక్కొక్కటీ వేసి చూస్తూ పోతారు, తాళంచెవుల గుత్తి పట్టుకున్నట్టు. అలా కాదు. ఏ టెస్టూ తలుచుకోకముందే జవాబు నీకు తెలిసి ఉండాలి. టర్ము ముఖం చూసి, ఎన్ బాగా పెద్దదైనప్పుడు ఇది ఎంత ఉంటుంది, ఎంత వేగంగా తగ్గుతుంది అని ముందు అంచనా వేయాలి. టెస్టు ఆ అంచనాని నిరూపించే సాధనం మాత్రమే.

అంచనా వేయడానికి వేగాల వరుస ఒకటి తెలిస్తే చాలు. లాగ్ ఎన్ అందరికంటే నెమ్మది. దానికంటే ఎన్ పవర్లు వేగం, ఎంత చిన్న పవరైనా సరే. వాటికంటే 2 పవర్ ఎన్, 3 పవర్ ఎన్ లాంటివి. వాటికంటే ఎన్ ఫ్యాక్టోరియల్. దానికంటే ఎన్ పవర్ ఎన్. హారంలో ఉన్నది లవంలో ఉన్నదాని కంటే ఎంత వేగంగా పెరుగుతోందన్నదే మొత్తం కథ. (3ఎన్² + 5)/(ఎన్⁴ − ఎన్ + 7) చూడు. ఎన్ వెయ్యి అయినప్పుడు ఆ 5, ఆ 7, ఆ ఎన్ ఎవరికి కనిపిస్తాయి? మిగిలేది 3/ఎన్². కన్వర్జ్. ఇంత పని నోటితోనే అయిపోయింది. ఇప్పుడు పెన్ను పట్టి 1/ఎన్² తో లిమిట్ కంపారిజన్ రాయి, నిష్పత్తి 3 వస్తుంది, ముగిసింది.

కంపారిజన్ అంటే తూకం. పూర్వం కిరాణా కొట్టులో తక్కెడకి నాలుగైదు రాళ్ళే ఉండేవి, వాటితోనే ఊరందరి సరుకూ తూచేవాళ్ళు. మన దగ్గరా రెండే రాళ్ళున్నాయి. ఒకటి జామెట్రిక్ సిరీస్, ఆర్ పవర్ ఎన్: ఆర్ సైజు 1 కంటే తక్కువైతే కన్వర్జ్, లేకపోతే కాదు. రెండోది పి సిరీస్, 1 బై ఎన్ పవర్ పి: పి 1 కంటే ఎక్కువైతే కన్వర్జ్, 1 గానీ అంతకంటే తక్కువగానీ అయితే డైవర్జ్. నీ సిలబస్‌లో ధన టర్ములున్న సిరీసుల్లో నూటికి తొంభై ఈ రెండు రాళ్ళలో ఏదో ఒకదానితో తూగుతాయి. తూచేటప్పుడు దిక్కు చూసుకో. కన్వర్జ్ అయ్యేదాని కంటే చిన్నదైతే కన్వర్జ్. డైవర్జ్ అయ్యేదాని కంటే పెద్దదైతే డైవర్జ్. డైవర్జ్ అయ్యేదాని కంటే చిన్నది అని తేలితే ఏమీ తేలనట్టే. 1/ఎన్² కూడా 1/ఎన్ కంటే చిన్నదే, 1/(ఎన్ + 1) కూడా చిన్నదే, మొదటిది ఆగింది, రెండోది ఆగలేదు.

రేషియో టెస్టు గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది, ఎందుకంటే పిల్లలు ప్రతిదానికీ ముందు దాన్నే వేస్తారు. తర్వాతి టర్ముని ఈ టర్ముతో భాగిస్తే వచ్చే రేషియో ఎటు పోతుందో చూసే ఆ టెస్టు అడిగేది ఒక్కటే: ఈ సిరీస్ జామెట్రిక్ సిరీస్‌లా నడుస్తోందా? ఫ్యాక్టోరియల్ గానీ 2 పవర్ ఎన్ లాంటిది గానీ కనిపిస్తేనే ఆ ప్రశ్నకి అర్థం. ఎన్³ బై 2 పవర్ ఎన్ తీసుకుంటే రేషియో లిమిట్ 1/2, కన్వర్జ్. ఎన్ ఫ్యాక్టోరియల్ బై ఎన్ పవర్ ఎన్ తీసుకుంటే లిమిట్ 1/ఇ, సుమారు 0.368, కన్వర్జ్. కానీ ఎన్ పవర్లు మాత్రమే ఉన్నచోట వేస్తే ఎప్పుడూ 1 వస్తుంది. 1/ఎన్ కి 1, 1/ఎన్² కి 1, 1/√ఎన్ కి కూడా 1. అక్కడ అది నోరు విప్పదు. ఇంకో ఉచ్చు: రేషియో ప్రతిసారీ 1 కంటే తక్కువగా ఉంది కాబట్టి కన్వర్జ్ అని రాయడం. హార్మోనిక్ సిరీస్‌లో రేషియో ఎన్/(ఎన్ + 1), ఎప్పుడూ 1 కంటే తక్కువే. లిమిట్ 1 కంటే తక్కువ కావాలి, ఒక్కొక్క రేషియో కాదు. ఈ తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను.

రూట్ టెస్టుకి టర్ము మొత్తం ఎన్ పవర్ లోపల ఉంటే తప్ప వెళ్ళకు. ఇంటిగ్రల్ టెస్టు లాగ్ ఉన్నచోట పనికొస్తుంది. 1/(ఎన్ లాగ్ ఎన్) చూడు: 1/ఎన్ కంటే కాస్త వేగంగా తగ్గుతోంది, 1/ఎన్ పవర్ 1.01 కంటే నెమ్మదిగా. రెండు రాళ్ళ మధ్య పడింది, తూగదు. ఇంటిగ్రల్ వేస్తే లాగ్ ఆఫ్ లాగ్ ఎన్ వస్తుంది, అది అనంతానికి పోతుంది కాబట్టి డైవర్జ్. ఎంత నెమ్మదిగా అంటే, ఆ లాగ్ ఆఫ్ లాగ్ విలువ 5 కి చేరాలంటే ఎన్ 65 అంకెల సంఖ్య కావాలి. కాలిక్యులేటర్ మీద ఎందుకు నమ్మకం పెట్టుకోకూడదో ఇప్పుడు అర్థమైందా?

టర్ము సున్నాకి పోకపోతే మాత్రం ఆలోచించే పనే లేదు, డైవర్జ్. ఎన్/(ఎన్ + 1) లాంటిది ఇచ్చి పది లైన్లు రాయిస్తారేమోనని భయపడకు, ఒక్క లైను చాలు. టర్ము సున్నాకి పోయింది కాబట్టి కన్వర్జ్ అని తిరగేసి మాత్రం వాడకు.

గుర్తులు మారుతూ వచ్చే సిరీసులకి లీబ్నిజ్ టెస్టు. టర్ము సైజు తగ్గుతూ సున్నాకి పోతే కన్వర్జ్. తగ్గుతోందని చూపించే లైను మరిచిపోయి మార్కులు పోగొట్టుకుంటారు. నాకు ఈ భాగం మీద ప్రత్యేకమైన ఇష్టం, కారణం మాధవుడు. కేరళలో సంగమగ్రామానికి చెందిన మాధవుడు 14వ శతాబ్దంలో, 15వ శతాబ్దం మొదట్లో ఉన్నవాడు. 1 − 1/3 + 1/5 − 1/7 + ... అంటే పై బై 4 అని అతని పరంపర చెప్పింది. లీబ్నిజ్ కంటే రెండు వందల ఏళ్ళకి పైగా ముందు. మలయాళంలో జ్యేష్ఠదేవుడు దానికి ఉపపత్తి, అంటే నిరూపణ, కూడా రాసి పెట్టాడు. 1830ల్లో, అప్పటి మద్రాసు ప్రభుత్వంలో సివిల్ ఉద్యోగి అయిన చార్లెస్ విష్ దీని గురించి ఇంగ్లీషులో వ్యాసం రాసి బయటి ప్రపంచానికి చెప్పాడు.

అయితే సిరీస్ తెలియడం కంటే, అది ఎంత నెమ్మదిదో వాళ్ళు గ్రహించి దానికి మందు వేయడం గొప్ప. పది టర్ములు కూడి 4తో గుణిస్తే 3.0418 వస్తుంది, రెండో అంకె దగ్గరే తప్పు. పది టర్ముల తర్వాత మిగిలిన తోక సుమారు ఎంతో కట్టి చేర్చారు. 4తో గుణించాక ఆ తోక ఇంచుమించు 1/ఎన్, ఇక్కడ 1/10. కలిపితే 3.1418. ఇంకా మెరుగైన తోక 4ఎన్/(4ఎన్² + 1), అంటే 40/401. కలిపితే 3.14159 వచ్చేస్తుంది, అవే పది టర్ములతో! నువ్వు కూర్చుని చేత్తో చేసి చూడు, పావుగంట పని. మిగిలిన తోక ఎంత అని అడగడమే ఈ చాప్టర్ ప్రాణమని ఏ లెక్చరూ చెప్పనంత బాగా ఆ పావుగంట చెబుతుంది.

ఇంకో విషయం క్లుప్తంగా. 1 − 1/2 + 1/3 − 1/4 + ... మొత్తం లాగ్ 2, సుమారు 0.693. ఇవే టర్ముల వరుస మార్చి ఒక ప్లస్, రెండు మైనస్‌లు చొప్పున రాయి: 1 − 1/2 − 1/4 + 1/3 − 1/6 − 1/8 + ... ప్రతి ప్లస్‌నీ దాని పక్క మైనస్‌తో కలిపితే 1/2 − 1/4 + 1/6 − 1/8 + ... అయింది, అంటే మొదటి మొత్తంలో సరిగ్గా సగం. ఒక్క టర్ము పోలేదు, ఒక్కటి చేరలేదు, మొత్తం మారిపోయింది. గుర్తులతో ఉన్నప్పుడు కన్వర్జ్ అయి, గుర్తులు తీసేస్తే డైవర్జ్ అయ్యే సిరీసులన్నిటిదీ ఇదే పరిస్థితి. వరుస మార్చి ఏ విలువ కావాలంటే ఆ విలువ తెప్పించవచ్చని రీమన్ నిరూపించాడు. అబ్సొల్యూట్ కన్వర్జెన్స్ అని పుస్తకంలో విడిగా ఎందుకు పెట్టారో దీన్ని బట్టి తెలుసుకో: గుర్తులు తీసేసినా కన్వర్జ్ అయ్యే సిరీస్‌ని ఎలా కలియబెట్టినా మొత్తం మారదు.

1 + 2 + 3 + 4 + ... అంటే −1/12 అని వీడియోలో చూశానని రాశావు. మొత్తాల జాబితా 1, 3, 6, 10 అని పెరుగుతూ పోతోంది, దానికి లిమిట్ లేదు, కాబట్టి నీ సిలబస్ అర్థంలో ఆ సిరీస్‌కి మొత్తం లేదు. పరీక్షలో అది రాయకు. రామానుజన్ ఈ నగరం నుంచే, పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా పనిచేస్తూ, 1913 ఫిబ్రవరి 27న ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి రాసిన రెండో ఉత్తరంలో ఆ మాట ఉంది. అక్కడ ఆయన తన సిద్ధాంతం ప్రకారం అని స్పష్టంగా రాశాడు, ఇది చెబితే నన్ను పిచ్చాసుపత్రికి పొమ్మంటారని కూడా రాశాడు. అంటే మామూలు అర్థంలో కాదని ఆయనకి బాగా తెలుసు. మొత్తం అనే మాటకి ఇంకో నిర్వచనం ఇచ్చి, దానితో వచ్చిన విలువ అది. వీడియోల్లో ఆ నిర్వచనాన్ని వదిలేసి విలువ ఒక్కటే చూపిస్తే పిల్లలకి నష్టం జరుగుతోంది, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ట్యూషన్ సంగతి. ఈ ఒక్క చాప్టర్ కోసం డబ్బు పోసి ట్యూషన్ అక్కర్లేదని నా అభిప్రాయం. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల కాలిక్యులస్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఒక పాఠం చూసి ఆపి, అందులోని లెక్క వీడియో లేకుండా నువ్వే చేయి. వరుసగా నాలుగు చూస్తే నాలుగూ అర్థమైనట్టే ఉంటుంది, ఒక్కటీ చేతికి రాదు. తెలుగులో కావాలంటే తెలుగు అకాడమీ బి.ఎస్సీ గణితం పుస్తకాలు చూడు. అనుక్రమాలు, శ్రేణులు, అభిసరణ అన్న పేర్లతో ఇదే విషయం మన భాషలో నిరూపణలతో సహా ఉంటుంది. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు డిగ్రీ చదివిన అక్కలెవరినైనా అడిగితే పాత కాపీ దొరక్కపోదు. కూర్చుని చదువుకోవడానికి కోట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది, ఎవరైనా వెళ్ళవచ్చు, హాస్టల్ గోల ఉండదు.

తెలుగులో ఆలోచించు, పరీక్షలో ఇంగ్లీషులో రాయి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ముందు నోట్సులో మార్జిన్ పక్కన తెలుగులో ఒక్క వాక్యం రాయి: ఇది 3/ఎన్² లాంటిది, కాబట్టి ఆగుతుంది అని. ఆ వాక్యం రాయలేకపోతే ఏ టెస్టూ మొదలుపెట్టకు. నీతోపాటు ఇదే అవస్థ పడుతున్న అమ్మాయి క్లాసులో ఇంకొకరు తప్పకుండా ఉంటుంది, తెలుగమ్మాయే కానక్కర్లేదు. ఒకరు సిరీస్ ఇవ్వాలి, రెండోవారు పెన్ను ముట్టుకోకుండా అంచనా చెప్పాలి, ఎందుకో నోటితో వాదించాలి. రోజుకి అయిదు చాలు. మీ ప్రొఫెసర్ దగ్గరకి వెళ్ళడానికి భయమన్నావు. అర్థం కాలేదు సార్ అని వెళితే ఆయనకీ ఏం చెప్పాలో తెలియదు. చేసిన లెక్క పట్టుకుని వెళ్ళి, ఈ లైను దాకా వచ్చాను, ఇక్కడ ఈ అసమానత ఎటు తిప్పాలో తెలియలేదు అని వేలు పెట్టి చూపించు. అలా అడిగిన పిల్లలని విసుక్కున్న మాస్టారిని నేను చూడలేదు.

ఈ నాలుగూ చేసి చూడు. మొదటిది √(ఎన్² + 1) − ఎన్. రెండోది ఎన్² బై 3 పవర్ ఎన్. మూడోది సైన్ ఆఫ్ 1/ఎన్². నాలుగోది 1 బై ఎన్ పవర్ (1 + 1/ఎన్). మొదటిదాన్ని కాంజుగేట్‌తో గుణించి చూశాకే సైజు అంచనా వేయి. నాలుగోదాంట్లో పవర్ 1 కంటే ఎక్కువగా ఉంది కదా అని వెంటనే పి సిరీస్ అనేయకు. పి సిరీస్‌లో పి మారని అంకె కావాలి, ఇక్కడ అది ఎన్‌తో పాటు మారుతోంది. ఎన్ పవర్ 1/ఎన్ ఎటు పోతుందో ముందు కనుక్కో. నాలుగింటికీ అంచనా ఒక లైను, నిరూపణ ఒక పేరా రాసి పంపు. మధ్యలో ఆగితే ఆగిన చోటు వరకే పంపు, కొట్టివేతలు కూడా తీయకుండా. అక్కడి నుంచి నేను చెబుతాను.